సర్వర్ లేవడం లేదంటే ఎక్కడ ఆగిందో చూడాలి

(విజయవాడలో చిన్న ఆఫీసుల సిస్టమ్ అడ్మిన్‌లు, డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పక్కనున్న కుర్చీలు లాక్కుని కూర్చోండి. కాస్త సేపు పట్టే విషయం ఇది.

ఆటోనగర్‌లో ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లినా మెట్ల కింద ఒక టవర్ మిషన్ నడుస్తూ ఉంటుంది. సూర్యారావుపేట ఆస్పత్రుల్లో బిల్లింగ్ సర్వర్ ఉంటుంది. కాలేజీల్లో అయితే ర్యాకే ఉంటుంది. వాటిని చూసుకునేవాళ్లలో చాలామంది ఒక మాట గర్వంగా చెబుతారు: "మా సర్వర్ రెండేళ్ల నుంచి ఒక్కసారి కూడా ఆగలేదండీ." ఆ మాట వింటే నాకు సంతోషం కలగదు, టెన్షన్ పట్టుకుంటుంది.

ఎందుకంటే, నడుస్తున్న సర్వర్ బాగుందంటే దాని అర్థం, రెండేళ్ల కిందట మెమరీలోకి ఎక్కింది బాగుందని మాత్రమే. ఈ రెండేళ్లలో ఎవరో డిస్క్ మార్చారు, ఎవరో ఐపీ అడ్రస్ మార్చారు, కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల ప్రోగ్రామ్‌కి, అప్‌డేట్ వేశారు, ఒక సర్వీసుని, అంటే వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌ని, చేత్తో స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. సర్వర్ మళ్లీ మొదటి నుంచి లేచేదాకా వీటిలో ఏది సరిగ్గా ఉందో, ఏది లేదో ఎవరికీ తెలియదు. లేచే రోజున అన్నీ ఒకేసారి బయటపడతాయి. ఆ రోజు మనం ఎంచుకున్నది కాకపోతే, మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయి యూపీఎస్ బ్యాటరీ అయిపోయిన రోజు అవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా నీళ్లు నిలిచినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీ అందరికీ గుర్తే. అలాంటి రోజుల తర్వాత మిషన్లు ఆన్ చేసేవాడికి, సర్వర్ ఏ వరసలో లేస్తుందో తెలిసి ఉండాలి. ఆ వరస చెప్పడానికే వచ్చాను. లైనక్స్ పెట్టుకుని చెబుతాను. విండోస్ సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను.

నిజానికి పవర్ బటన్ నొక్కకముందే సర్వర్‌లో ఒక భాగం పనిచేస్తూ ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు. దాన్ని బీఎంసీ అంటారు. మదర్‌బోర్డు మీదే ఉండే చిన్న కంప్యూటర్ అది. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, చాలా మిషన్లలో సొంత నెట్‌వర్క్ పోర్టు ఉంటాయి. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ఐఎల్ఓ అంటారు. దాంట్లోకి లాగిన్ అయితే ఇంటి దగ్గర నుంచే సర్వర్‌ని ఆన్ చేయవచ్చు, ఆఫ్ చేయవచ్చు. లైసెన్సు ఉన్న మిషన్లలో మొదటి క్షణం నుంచి స్క్రీన్ కూడా చూడవచ్చు. ఇంత సదుపాయం ఉన్నా నేను చూసిన చాలా చోట్ల ఆ పోర్టుకి కేబులే పెట్టరు. పెట్టినచోట పాస్‌వర్డ్ మార్చరు. కేబుల్ పెట్టండి, పాస్‌వర్డ్ మార్చండి, దాన్ని ఇంటర్నెట్‌కి కనపడనివ్వకండి. ఈ పూట నేను చెప్పేవాటిలో మీరు ఒక్కటే చేస్తానంటే ఇదే చేయమంటాను.

ఇక బటన్ నొక్కాం. పవర్ సప్లై తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకి ఒక సిగ్నల్ ఇస్తుంది. అది అందాకే ప్రాసెసర్ కదులుతుంది. ఇంటెల్ సర్వర్ అనుకుందాం. అప్పటికి ర్యామ్ సిద్ధంగా ఉండదు. డిస్క్ ఉందో లేదో ప్రాసెసర్‌కి తెలియదు. తెలిసింది ఒక్కటే, మొదటి ఆదేశం ఏ చిరునామాలో ఉంటుందో. నాలుగు జీబీల హద్దుకి సరిగ్గా 16 బైట్లు ముందు ఉంటుంది ఆ చిరునామా. అక్కడ ర్యామ్ కాకుండా మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్ కనిపించేలా ఏర్పాటు చేసి ఉంటారు. 16 బైట్లలో ఏం పడుతుంది? "అసలు ప్రోగ్రామ్ ఫలానా చోట ఉంది, అక్కడికి వెళ్లు" అనే ఒక్క ఆదేశం పడుతుంది. అక్కడి నుంచి ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్‌లో రాసిపెట్టిన ప్రోగ్రామ్, మొదలవుతుంది.

ఫర్మ్‌వేర్‌కి ముందున్న పెద్ద పని ర్యామ్‌ని వాడుకలోకి తేవడం. ప్రాసెసర్‌కీ మెమరీ చిప్పులకీ మధ్య సిగ్నళ్లు ఎంత తేడాతో చేరుతున్నాయో కొలిచి, ఒక్కో లైనుకీ సర్దుబాటు చేయాలి. మెమరీ ట్రెయినింగ్ అంటారు దీన్ని. మీ ల్యాప్‌టాప్‌లో ఇది కనపడనంత త్వరగా అయిపోతుంది. వందల జీబీల ర్యామ్ ఉన్న సర్వర్‌లో అయితే నిమిషాలు పడుతుంది, అప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు. కంగారుపడి ప్లగ్గు పీకినవాళ్లని చూశాను. పీకితే మళ్లీ మొదటికొస్తుంది. మీ సర్వర్ మామూలు రోజున ఎంతసేపట్లో లేస్తుందో ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించండి. ఆ కాగితం ఉంటే రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు ప్లగ్గు మీద చెయ్యి వేయడు.

మదర్‌బోర్డు మీద ఒక నాణెం సైజు బ్యాటరీ కూడా ఉంటుంది. కరెంటు ఉన్నంతకాలం దాని అవసరం రాదు కాబట్టి, చచ్చిపోయినా తెలియదు. కరెంటు పూర్తిగా పోయి వచ్చిన రోజు గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. సర్వర్ బాగానే లేస్తుంది కానీ సర్టిఫికెట్లు చెల్లవంటుంది, లాగిన్లు తీసుకోదు. అలాంటప్పుడు అప్లికేషన్ వాళ్లకి ఫోన్ చేసేముందు తేదీ చూడండి.

ఈ పనులయ్యాక ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెతుకుతుంది. పాత పద్ధతి 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వచ్చిన బయోస్. అది డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌ని, 512 బైట్లని, మెమరీలోకి తెస్తుంది. అందులో 446 బైట్లు ప్రోగ్రామ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల, అంటే డిస్క్‌ని విడగొట్టిన భాగాల, పట్టికకి, చివరి రెండు బైట్లు గుర్తుకి. ఆ పట్టికలో నాలుగు పార్టిషన్లకే చోటు. సెక్టార్ల లెక్క 32 బిట్లలోనే పట్టాలి కాబట్టి రెండు టెరాబైట్లు దాటిన డిస్క్‌ని అది పూర్తిగా వాడుకోలేదు. ఇప్పటి సర్వర్లలో ఉండేది యూఈఎఫ్ఐ. దీనికి ఫైళ్లు చదవడం వచ్చు. డిస్క్ మీద ఫ్యాట్ ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది. ఏ ఫైలుతో మొదలుపెట్టాలో మదర్‌బోర్డు తనలో రాసిపెట్టుకుంటుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. డిస్క్‌ని ఒక మిషన్‌లోంచి తీసి ఇంకో మిషన్‌లో పెడితే, ఫైళ్లన్నీ ఉన్నా లేవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. రాసిపెట్టుకున్న మదర్‌బోర్డు పాత మిషన్‌లోనే ఉండిపోయింది మరి.

తర్వాత వచ్చేది బూట్ లోడర్. లైనక్స్‌లో ఎక్కువగా గ్రబ్. నీలం రంగులోనో నలుపులోనో మెనూ వస్తుంది చూడండి, అది. ఏ కెర్నల్ ఎక్కించాలి, దానికి ఏ మాటలు చెప్పి పంపాలి అన్నది దీని పని. రెడ్ హ్యాట్ కుటుంబం లైనక్స్‌లలో అప్‌డేట్ వేసినప్పుడు మామూలుగా మూడు కెర్నళ్లు ఉంచుతారు. కొత్తది లేవకపోతే ఈ మెనూలో పాతది ఎంచుకోవచ్చు. అప్‌డేట్ చేశాక సర్వర్ లేవలేదని అంతా తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన చోట్లు నాకు తెలుసు. మెనూలో ఒక లైను కిందికి దిగి ఎంటర్ నొక్కి ఉంటే ఆ రాత్రి వాళ్లకి నిద్ర దక్కేది. చాలా సర్వర్లలో ఆ మెనూ కనపడే సమయాన్ని సున్నా చేసి ఉంచుతారు. అయిదు సెకన్లు చేయండి. అయిదు సెకన్లతో ఏ ఆఫీసూ మునిగిపోదు.

గ్రబ్ రెండు ఫైళ్లని మెమరీలోకి ఎక్కిస్తుంది. ఒకటి కెర్నల్. రెండోది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్. ఈ రెండోదాని గురించి కాస్త ఆగి చెబుతాను, చాలామందికి ఇక్కడే అర్థం కాకుండా పోతుంది.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ తీసుకోండి. కరెంటు తయారు చేయాలంటే ముందు బొగ్గు పొడి చేసే మిల్లులు తిరగాలి, ఫ్యాన్లు తిరగాలి, బాయిలర్‌కి నీళ్లు తోడే పంపులు నడవాలి. వాటన్నిటికీ కరెంటు కావాలి. యూనిట్ ఇంకా మొదలే కాలేదు కాబట్టి ఆ కరెంటు బయటి నుంచి తెచ్చుకోవాలి. తన కరెంటు తయారయ్యాక అప్పుడు దానిమీదికి మారుతుంది. కెర్నల్ పరిస్థితీ ఇదే. అసలు సిస్టమ్ డిస్క్ మీద ఉంది. ఆ డిస్క్ చాలా డిస్క్‌లని ఒకటిగా చూపించే రెయిడ్ కార్డు వెనక ఉండవచ్చు, డిస్క్ చోటుని సాఫ్ట్‌వేర్‌తో పంచే ఎల్‌వీఎం లోపల ఉండవచ్చు, ఎన్‌క్రిప్ట్ చేసి ఉండవచ్చు. దాన్ని తెరవడానికి డ్రైవర్లు, అంటే ఆ హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్‌లు, కావాలి. ఆ డ్రైవర్లు ఉన్నది ఆ డిస్క్ లోపలే. అందుకని కావలసిన నాలుగు డ్రైవర్లు, చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు కలిపి ఒక మూట కట్టి ముందే బూట్ డైరెక్టరీలో పెడతారు. కెర్నల్ ఆ మూటని ర్యామ్‌లోనే విప్పుకుని, దాన్నే తాత్కాలికంగా తన ఇల్లు చేసుకుని, డ్రైవర్లు ఎక్కించి, అసలు డిస్క్‌ని తెరిచి, అప్పుడు అక్కడికి మారిపోతుంది.

ఈ మూట కట్టేది ఎప్పుడు? కెర్నల్ అప్‌డేట్ వేసినప్పుడు. ఆ సమయానికి బూట్ పార్టిషన్, అంటే ఆ బూట్ డైరెక్టరీ ఉన్న భాగం, నిండిపోయి ఉంటే మూట సగంలో ఆగిపోవచ్చు. ఎర్రర్ వచ్చినా ఎవరూ చూడలేదు, పాత కెర్నల్ మెమరీలో హాయిగా నడుస్తోంది. నెలలు గడిచాక రీబూట్ చేస్తే కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ ముందుకు వెళ్లలేక ఆగిపోతుంది. రూట్ ఫైల్ సిస్టమ్‌ని, అంటే అసలు సిస్టమ్ ఉన్న చోటుని, మౌంట్ చేయలేకపోయానని, అంటే తెరిచి వాడుకలోకి తేలేకపోయానని, స్క్రీన్ మీద చివరి లైను. ఆ లైను కనపడగానే "డిస్క్ పోయింది" అనుకోకండి. కెర్నల్ ఎక్కింది, గ్రబ్ పనిచేసింది, గ్రబ్ ఉన్న డిస్క్‌ని ఫర్మ్‌వేర్ చదివింది. అంటే డిస్క్ బతికే ఉందనడానికి సాక్ష్యం మీ కళ్లముందే ఉంది. పాత కెర్నల్‌తో లేపి, బూట్ పార్టిషన్‌లో చోటు చేసి, మూట మళ్లీ కట్టించండి. రెడ్ హ్యాట్ వైపు ఆ పని చేసేది డ్రాకట్, ఉబుంటు వైపు అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే కమాండ్ వాడతారు.

ఎక్కడ ఆగినా ఇలాగే ఆలోచించాలి. స్క్రీన్ మీద ఆఖరున కనపడిన మాట, అంతకుముందు మెట్లన్నీ దాటామని చెబుతోంది. వాటిని మళ్లీ అనుమానించక్కర్లేదు.

అసలు డిస్క్ తెరుచుకున్నాక కెర్నల్ ఒకే ఒక ప్రోగ్రామ్‌కి పని అప్పగిస్తుంది. దాని ప్రాసెస్ నంబరు 1. మిగతా సర్వీసులన్నిటినీ లేపేది అదే. ఒకప్పుడు ఇది సిస్టమ్ ఫైవ్ ఇనిట్. నంబర్లు వేసిన స్క్రిప్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపించేది. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగేవి. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15, 2014లో రెడ్ హ్యాట్ 7, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దానికి మారాయి. దానిమీద గొడవలు బాగానే జరిగాయి. ఆ గొడవల్లోకి ఇప్పుడు వెళ్లను. నా అభిప్రాయం మాత్రం చెబుతాను: చెడిపోయినప్పుడు ఏం చెడిందో చెప్పడంలో సిస్టమ్‌డీ పాతదానికన్నా చాలా నయం. దాన్ని తిట్టుకుంటూనే నేర్చుకున్నవాళ్లు కూడా ఈ మాట కాదనరు.

సిస్టమ్‌డీ సర్వీసుల్ని వరసలో నిలబెట్టదు. ఏది దేనిమీద ఆధారపడిందో చూసి, వీలైనవన్నీ ఒకేసారి లేపుతుంది. ఇక్కడ కుర్రవాళ్లు తడబడే చోట్లు కొన్నున్నాయి. స్టార్ట్ అంటే ఇప్పుడు లేపు అని. ఎనేబుల్ అంటే ప్రతి బూట్‌లోనూ లేపు అని. స్టార్ట్ ఒక్కటే చేసి ఇంటికెళ్లిన సర్వీసు వచ్చే రీబూట్ తర్వాత లేవదు. ఇంకోటి, సర్వీసు ఫైలులో ఆఫ్టర్ అని రాస్తే వరస మాత్రమే చెప్పినట్టు, రిక్వైర్స్ అని రాస్తే అవసరం మాత్రమే చెప్పినట్టు. డేటాబేస్ లేచాకే మీ అప్లికేషన్ లేవాలంటే రెండూ రాయాలి. లేకపోతే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు. అలా అప్పుడప్పుడు చెడేదాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం.

ఇప్పుడు ఎఫ్ఎస్‌ట్యాబ్. ఏ డిస్క్‌ని ఎక్కడ మౌంట్ చేయాలో రాసే చిన్న ఫైలు. మన చుట్టుపక్కల ఆఫీసుల్లో సర్వర్ లేవకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఒక ఆస్పత్రి సంగతి చెబుతాను. బిల్డింగ్‌లో కరెంటు పని ఉందని ఆదివారం సర్వర్ ఆపారు. సాయంత్రం ఆన్ చేస్తే ఒక డిస్క్ కోసం ఎదురుచూస్తున్నానని స్క్రీన్ మీద సెకన్లు నడిచాయి. మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అంటూ రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్ పాస్‌వర్డ్, అడిగింది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఓపీ కౌంటర్ దగ్గర బిల్లులు చేత్తో రాయడం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ఫోన్‌లో "ఓఎస్ పోయింది, మళ్లీ వేయాలి" అన్నారు. ఓఎస్ ఎక్కడికీ పోలేదు. ఎప్పుడో బ్యాకప్ కోసం ఒక యూఎస్‌బీ డిస్క్ పెట్టి, దాని పేరు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాశారు. తర్వాత డిస్క్ తీసేశారు, రాత అలాగే ఉంది. రాసినదాన్ని సిస్టమ్‌డీ నమ్ముతుంది. ఆ డిస్క్ లేకుండా ముందుకు వెళ్లడం ప్రమాదమనుకుని ఆగిపోయింది. అది సరైన పనే చేసింది. రోగుల డేటా ఉన్న డిస్క్ రాకుండానే డేటాబేస్ లేచి, ఖాళీ ఫోల్డర్‌లో కొత్తగా రాయడం మొదలుపెడితే ఏమవుతుందో ఊహించండి.

కాబట్టి లేకపోయినా ఫర్వాలేదనుకునే డిస్క్‌లకి ఆ లైనులో నోఫెయిల్ అని రాయండి. డిస్క్‌ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాకుండా యూయూఐడీతో, అంటే దానికే ప్రత్యేకమైన గుర్తింపు నంబరుతో, రాయండి, ఎందుకంటే ఆ పేర్లు బూట్‌కీ బూట్‌కీ మారవచ్చు. మార్చిన వెంటనే ఫైండ్‌మౌంట్ కమాండ్‌కి వెరిఫై అని చేర్చి నడిపితే తప్పులు చూపిస్తుంది. రూట్ పాస్‌వర్డ్ సీల్డ్ కవర్‌లో బీరువాలో ఉంచండి. ఉబుంటులో రూట్ అకౌంట్ లాక్ అయి ఉంటే ఎమర్జెన్సీ మోడ్ కూడా లోపలికి రానివ్వకపోవచ్చు, అది ఇప్పుడే చూసుకోండి.

2024 జూలై 19న ప్రపంచమంతా విండోస్ మిషన్లు నీలం తెరతో ఆగిపోయాయి కదా. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు చెడ్డది వెళ్లింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల మిషన్లు దెబ్బతిన్నాయి. ఆ ఫైలుని ఆ కంపెనీ కొద్ది సేపటికే వెనక్కి తీసుకుంది. అయినా బాగుచేయడానికి రోజులు ఎందుకు పట్టింది? ఆ డ్రైవర్ బూట్‌లో చాలా ముందే ఎక్కుతుంది. మిషన్ కొత్త ఫైలు దింపుకునేలోపే కూలిపోతోంది, మళ్లీ లేస్తోంది, మళ్లీ కూలిపోతోంది. చాలా మిషన్ల దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. ఎంత ముందు మెట్టులో చెడితే అంత దూరం మనం నడిచి వెళ్లాలి. అందుకే బీఎంసీ కేబుల్ గురించి అంత గట్టిగా చెప్పాను.

విండోస్ సర్వర్‌లోనూ మెట్లు ఇలాంటివే. ఫర్మ్‌వేర్, బూట్ మేనేజర్, విన్‌లోడ్, కెర్నల్, సెషన్ మేనేజర్, ఆ తర్వాత సర్వీసులు. పేర్లు వేరు, ఆలోచించే పద్ధతి ఒకటే.

లేచాక చూడాల్సినవి: సిస్టమ్‌సీటీఎల్‌కి ఫెయిల్డ్ అని చేర్చి నడిపితే పడిపోయిన సర్వీసులు వస్తాయి. సిస్టమ్‌డీ ఎనలైజ్ బ్లేమ్ అంటే ఏది ఎంతసేపు పట్టిందో వస్తుంది. జర్నల్‌సీటీఎల్‌లో కిందటి బూట్ లాగ్ కూడా చూడవచ్చు, కాకపోతే లాగ్‌ని డిస్క్ మీద దాచేలా ముందే పెట్టి ఉండాలి. ఫైర్‌వాల్‌లో పర్మనెంట్ అని చెప్పకుండా చేర్చిన రూల్సు, చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రసులు రీబూట్‌తో పోతాయి. అవి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక ప్రశ్నలు.

"సర్, మాది రైస్ మిల్లు ఆఫీసు. ఎన్నాళ్లకోసారి రీబూట్ చేయాలండి?"

కెర్నల్ అప్‌డేట్ వేసిన ప్రతిసారీ చేయాలండి. దానికి నెలలో ఒక రాత్రి పెట్టుకోండి. మీ మిల్లుకి పని తక్కువున్న రోజు మీకే తెలుసు. ముందు బ్యాకప్ తీసి, దాన్ని తెరిచి చూసి, అప్పుడు చేయండి. ఆ నెలలో చేసిన మార్పులే కాబట్టి ఏదైనా ఆగినా కారణం దొరుకుతుంది. రెండేళ్లకోసారి చేస్తే రెండేళ్ల మార్పులు వెతకాలి.

"కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి సర్. స్టోరేజ్ బాక్స్ లేవకముందే సర్వర్ లేచి మౌంట్ కాలేదంటోంది."

మంచి ప్రశ్న, ఇది మన దగ్గర ప్రతి వేసవిలో జరిగేదే. బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక సెట్టింగ్ ఉంటుంది. స్విచ్‌కీ స్టోరేజ్‌కీ వెంటనే లేచేలా వదిలేయండి. సర్వర్లకి ఆలస్యంగా లేవమని చెప్పే సదుపాయం ఉంటే అది వాడండి, లేకపోతే లేవకుండా ఉండమని పెట్టి, బీఎంసీ ద్వారా మీరే ఆన్ చేయండి. యూపీఎస్‌ని కూడా సర్వర్‌కి కేబుల్‌తో కలిపి, బ్యాటరీ తగ్గగానే తనంతట తాను సరిగ్గా షట్‌డౌన్ అయ్యేలా చేయండి.

"సర్, నేను డిప్లొమా ఫైనలియర్. మాకు ఇవి చేసి చూడటానికి సర్వర్ ఎవరిస్తారు?"

సర్వర్ అక్కర్లేదమ్మా. నీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ వేసి, ఒక లైనక్స్ పెట్టి, చెడగొట్టినా మళ్లీ వెనక్కి వెళ్లేలా స్నాప్‌షాట్ తీసుకో. ముందు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో లేని డిస్క్ పేరు రాసి రీబూట్ చెయ్యి, ఎమర్జెన్సీ మోడ్‌లోంచి బయటికి రా. తర్వాత బూట్ డైరెక్టరీలో ఆ మూట ఫైలు పేరు మార్చి చూడు, కెర్నల్ పానిక్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. దాన్ని గ్రబ్ మెనూ నుంచి పాత కెర్నల్‌తో లేపు. రెండూ వచ్చాక గ్రబ్ ఫైలునే చెడగొట్టి, ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓతో, అంటే లైనక్స్ వేయడానికి వాడిన డిస్క్ ఫైలుతో, బూట్ చేసి బాగుచెయ్యి. ప్రతిసారీ స్క్రీన్ మీద ఆఖరున వచ్చిన లైను ఒక నోటుబుక్కులో రాసుకో. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు కూడా తీసుకెళ్లు.